రాతి తీరంలో జీవులు పట్టీలు పట్టీలుగా ఎందుకుంటాయి? వాటిని లెక్కపెట్టడం ఎలా?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి నల్లగొండలో డిగ్రీ జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల క్లాసు ఫిబ్రవరిలో విశాఖపట్నం టూరు వెళ్తోంది. రాతి తీరంలో ఆటుపోట్ల మధ్య బతికే జీవులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎన్నెన్ని ఉన్నాయి అన్నది ఆమె ప్రాజెక్టు. "ఫొటోల్లో బండల మీద అడ్డంగా రంగు పట్టీలు కనిపిస్తున్నాయి. అవి ఎందుకలా ఉంటాయి? రెండు రోజుల్లో లెక్క ఎలా తీయాలి? నేను ఇంతవరకు సముద్రమే చూడలేదు, టెన్షన్‌గా ఉంది" అని రాసింది.

అమ్మా, నేను పాలమూరు, నల్లగొండ జిల్లాల కాలేజీల్లో చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను. ఎన్నో బ్యాచ్‌లను విశాఖ తీసుకెళ్లాను. మా పిల్లల్లాంటి దానివే కాబట్టి నువ్వు అనే అంటాను. సముద్రం చూడలేదని దిగులు పడకు. నాగార్జునసాగర్ చూసే ఉంటావు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఎండాకాలం నాగార్జునకొండకు లాంచీలో పోతుంటే ఒడ్డు బండల మీద ఒక గీత కనిపిస్తుంది. గీతకు పైన రాయి ఒక రంగు, కింద ఇంకో రంగు. నిండినప్పుడు 590 అడుగుల దాకా ఉండే నీళ్లు కిందికి దిగిపోతే మిగిలే గుర్తు అది. ఎవరో దారం పట్టి గీసినట్టు గుట్ట చుట్టూ ఒకే ఎత్తులో ఉంటుంది. సముద్రపు ఒడ్డున నువ్వు చూడబోయేది కూడా ఇలాంటి గీతలే, కాకపోతే ఒకటి కాదు, ఒకదాని కింద ఒకటి నాలుగైదు ఉంటాయి. ఇంకో పెద్ద తేడా ఉంది. సాగర్‌లో నీళ్లు ఏడాదికి ఒకసారి నిండి నెలల తరబడి దిగుతాయి. సముద్రంలో సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి ఎక్కుతాయి, అంటే దాదాపు రోజుకు రెండుసార్లు. నెలల తరబడి నీళ్లు లేకపోతే తట్టుకోలేని జీవి కూడా ఆరు గంటలైతే ఓర్చుకోగలదు. అందుకే సాగర్ బండ మీద రంగు మాత్రమే మారితే, సముద్రపు బండ మీద ఒక ఊరికి ఊరే కాపురం ఉంటుంది.

నీళ్లు ఎక్కడం పోటు, దిగడం ఆటు. అమావాస్యకు, పౌర్ణమికి ఈ ఎక్కుడు దిగుడు ఎక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. విశాఖలో అమావాస్య, పౌర్ణముల దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమికి అది అర మీటరు చుట్టూ ఉంటుంది. (గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ లోపలి భాగంలో 6 మీటర్లు దాటుతుంది. అక్కడి ఫొటోలు చూసి విశాఖలో అంత వెడల్పు పట్టీలు వెతకొద్దు.) ఈ సంగతిని నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు సెలవులు చూసుకుని విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు తీశాను, పంచాంగం చూడలేదు. దిగింది సరిగ్గా అష్టమి నాడు. రెండు రోజులు ఒడ్డున కూర్చున్నా నీళ్లు కింది బండలను వదల్లేదు. ముప్పై మంది పిల్లలు పై పట్టీ ఒక్కటే చూసి తిరిగొచ్చారు. ఇళ్లలో అడిగి డబ్బు తెచ్చుకున్న పిల్లలు వాళ్లు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. కాబట్టి మీ సార్‌తో ముందు ఈ విషయమే మాట్లాడు. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఉండేలా టూరు తేదీలు పెట్టించు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే ఆటుపోట్ల పట్టికల్లో విశాఖపట్నం ఉంటుంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కూడా అలల, పోట్ల అంచనాలు ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే సంస్థ అది.

ఇప్పుడు ఒక బండ దగ్గరికి పోదాం. రుషికొండ, తెన్నేటి పార్కు కింది తీరం, భీమిలి, యారాడ, ఎక్కడైనా సరే. ఒకసారి ఆటు మధ్యాహ్నం పడింది. ఫిబ్రవరే అయినా బండ పైభాగం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పైన నల్లటి పూత ఉంది. మురికి అనుకుని ఒక పిల్లవాడు గోటితో గీకబోయాడు. అది మురికి కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల పొర. ఆ నల్లపూతలో, సన్నటి పగుళ్లలో, కందిగింజంత లిట్టోరినా నత్తలు వరసగా ఇరుక్కుని ఉన్నాయి. చనిపోయాయేమో అనిపిస్తుంది. ఒకదాన్ని దగ్గరగా చూస్తే మూత బిగించి, ఒంటిని పూర్తిగా లోపలికి లాక్కుని, గుల్ల అంచుకూ రాయికీ మధ్య ఎండిన జిగురు ఒక్కటే ఆధారంగా వేలాడుతోంది. కాలు రాతికి ఆనించి ఉంచితే రాతి వేడి ఒంటికి పాకుతుంది కదా, అందుకని కాలు ముడుచుకుంది. అల తుంపర పడేదాకా దాని పని ఓపిక పట్టడమే.

ఇంకో రెండు జానలు కిందికి దిగితే బార్నకిళ్లు. బూడిద రంగులో, చిన్న అగ్నిపర్వతాల్లాగా, బండ కనిపించకుండా కమ్ముకుని ఉంటాయి. చూడటానికి నత్తల్లా ఉన్నా ఇవి రొయ్యకూ పీతకూ చుట్టాలు. పిల్లగా ఉన్నప్పుడు నీటిలో ఈదుతుంది, చివరి దశలో మేత మానేసి చోటు వెతుక్కుంటుంది, నచ్చిన చోట తలకిందులుగా అతుక్కుని ఇక జన్మంతా అక్కడే. కాళ్లతో మేత పట్టుకుంటుంది. డార్విన్ అంతటివాడు 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే కూర్చున్నాడు. బార్నకిళ్లున్న చిన్న రాయి విడిగా దొరికితే ప్లాస్టిక్ డబ్బాలో సముద్రపు నీళ్లు పోసి అందులో పెట్టు. ఒకటి రెండు నిమిషాలు కదలకుండా చూడు. మూతలు తెరుచుకుని ఈకల్లాంటి కాళ్లు బయటికి చాచి, వల విసిరి లాగినట్టు లయగా ఆడిస్తాయి. నా క్లాసులో ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా ఆ డబ్బా చుట్టూ చేరి అరిచేవాళ్లు. చూశాక ఆ రాయిని తీసిన చోటే పెట్టాలి.

వాటి మధ్యలో టోపీలాంటి గుల్లతో లింపెట్లు, నెరిటా నత్తలు, ఇంకాస్త కింద రాతిని కరుచుకున్న ఆయిస్టర్లు, ఆలిచిప్పలు (మస్సెల్స్), ఆకుపచ్చ పాచి ఉంటాయి. అట్టడుగున, పెద్ద ఆటుకు తప్ప బయటపడని చోట, సర్గాసం లాంటి గోధుమరంగు నాచు, ఎర్ర నాచులు, గుంతల్లో పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు అనే జంతువులు కనిపిస్తాయి. ప్రపంచంలో చాలా తీరాల్లో వరస స్థూలంగా ఇదే. పైన నల్లపూతా చిన్న నత్తలూ, మధ్యలో బార్నకిళ్లు, కింద నాచులు. స్టీఫెన్‌సన్ దంపతులు ఎన్నో తీరాలు తిరిగి 1949లో ఈ పోలికను బయటపెట్టారు. మన విశాఖ తీరపు నాచుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లోనే వచ్చింది.

సరే, పట్టీలు ఎందుకు? ప్రతి పట్టీకి పై అంచు ఒకటి, కింది అంచు ఒకటి ఉంటాయి. ఈ రెండింటికీ కారణాలు వేరు. నీ ప్రాజెక్టులో ఈ ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

పై అంచును చాలా మటుకు ఎండా గాలీ నిర్ణయిస్తాయి. ఎంత పైకి పోతే అన్ని ఎక్కువ గంటలు పొడిగా ఉండాలి. ఒంట్లో నీరు ఆరిపోతుంది, వేడెక్కుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. బార్నకిల్ నీళ్లలో మునిగినప్పుడే తినగలదు. పైన ఉన్నది రోజుకు రెండు మూడు గంటలే తింటే, కిందిది పన్నెండు గంటలు తింటుంది. అందుకే పైవి చిన్నగా, మెల్లగా పెరుగుతాయి.

అలాంటప్పుడు అన్నీ కిందికే పోవచ్చు కదా? ఇక్కడే అసలు సంగతి ఉంది. స్కాట్లండ్‌లోని కంబ్రే దీవిలో జోసెఫ్ కానెల్ అనే ఆయన ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు, 1961లో ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడ పైన క్తమాలస్ అనే చిన్న బార్నకిల్, కింద బలానస్ అనే పెద్ద బార్నకిల్ ఉంటాయి. ఆయన క్తమాలస్ ఉన్న రాళ్లను కిందికి మార్చాడు. ఒక్కో రాతి మీద సగభాగంలో బలానస్‌ను ఎప్పటికప్పుడు ఏరేశాడు, మిగతా సగం దాని మానాన వదిలేశాడు. ఏరేసిన సగంలో క్తమాలస్ కింద కూడా శుభ్రంగా బతికింది. ఏరని సగంలో బలానస్ వేగంగా పెరిగి దాని మీదికెక్కింది, పక్కనుంచి నలిపింది, అడుగున దూరి రాతి నుంచి పెకలించింది. అంటే క్తమాలస్ పైన ఉన్నది ఆ చోటు ఇష్టమై కాదు, కింద చోటు దక్కక.

మన చేలల్లో చూడు. పాలమూరు, నల్లగొండల్లో ఆముదం ఎక్కడ వేసేవాళ్లు? ఎర్రచెలకల్లో. చెరువు కింది తరిలో వరి. ఆముదానికి చెలకంటే ప్రేమా? సారమున్న నేల ఇస్తే ఇంకా బాగా పెరుగుతుంది. మంచి నేల వేరే పంటకు పోయింది, ఆముదం మిగిలిన నేలలో తట్టుకుంది. అక్కడ నిర్ణయించింది రైతు, ఇక్కడ పొరుగుజీవి. అంతవరకే పోలిక. కానీ 'ఒక జీవి ఎక్కడుందో అదే దానికి బాగా నచ్చిన చోటు' అని రికార్డులో రాయకు. మా పిల్లలు ఎక్కువమంది చేసే తప్పు అదే.

చోటు కోసం కొట్లాట ఒక్కటే కాదు, తినేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు తీరంలో రాబర్ట్ పెయిన్ 1963లో మొదలుపెట్టి, సుమారు 8 మీటర్ల పొడవున్న రాతి ముక్క మీద నుంచి పైసాస్టర్ అనే నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్క ముక్కను ముట్టుకోలేదు. నక్షత్ర చేపలు లేని చోట ఆలిచిప్పలు బండనంతా ఆక్రమించుకోవడం మొదలుపెట్టాయి. 15 రకాల జీవులున్న చోట 8 మిగిలాయి. బలమైనదాన్ని తినే జీవి ఉండబట్టే బలహీనమైన వాటికి చోటు దొరుకుతోందన్నమాట. అలాంటి జీవిని పిలిచే కీస్టోన్ జాతి అనే మాట ఆయన 1969లో వాడిందే.

ఇవి చల్లటి దేశాల కథలని మరచిపోవద్దు. విశాఖలో నీకు పైసాస్టర్ కనిపించదు. పనామా లాంటి వేడి తీరాల్లో చేసిన ప్రయోగాల్లో చేపలూ పీతలూ పోటుతో పాటు వచ్చి బండను ఎంత గట్టిగా నాకేస్తాయో తేలింది. అక్కడ చాలా జీవులు పగుళ్లలోనే మిగులుతాయి. విశాఖలోనూ పగులు లోపల ఎన్ని, బయట ఎన్ని అని విడివిడిగా రాసుకో. రిపోర్టుకు దీనితోనే బలం వస్తుంది.

అలల దెబ్బ కూడా చూడాలి. చెరువు మత్తడి దుంకుతున్నప్పుడు నీళ్లు పారే రాళ్లే కాదు, తుంపర పడే పక్క రాళ్లు కూడా పచ్చగా పాచి కడతాయి, గమనించావా? అలాగే సముద్రం వైపు తిరిగి ఉన్న బండ ముఖం మీద పట్టీలు పైకి జరుగుతాయి, వెడల్పవుతాయి. అదే బండ వెనక వైపు కిందికి దిగి ఇరుకవుతాయి. విశాఖలో ఆటుపోటుల తేడాయే ఒకటిన్నర మీటరు కాబట్టి తుంపర ప్రభావం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే బండకు రెండు వైపులా కొలిస్తే చాలు, మంచి ప్రాజెక్టు. బండ అడుగున ఏమీ లేకుండా నున్నగా ఉంటే ఇసుక వైపు చూడు. కొన్ని నెలలు ఇసుక మేట వేసి అడుగు భాగాన్ని పూడ్చేస్తుంది, అలలతో కలిసి రాపిడి పెడుతుంది.

ఇంకొక్క మాట, ఎన్ని ఉన్నాయి అన్నదాని గురించి. బండ ఎంత అనుకూలంగా ఉన్నా, ఆ ఏడు సముద్రం పిల్లజీవులను తెచ్చి వదలకపోతే ఖాళీగానే ఉంటుంది. ఈదే పిల్లలను ప్రవాహాలు ఒడ్డుకు తేవచ్చు, లోపలికి లాక్కుపోవచ్చు. వానాకాలం తర్వాత నదుల నీటితో బంగాళాఖాతం ఒడ్డున ఉప్పదనం తగ్గుతుంది, అదీ కొన్నింటికి పడదు. నీ లెక్క ఒక ఫిబ్రవరి లెక్క మాత్రమే, విశాఖ తీరపు శాశ్వత చిత్రం కాదు. ఆ మాట రిపోర్టులో ధైర్యంగా రాయి.

ఇక లెక్కపెట్టడం. ముందు ఎత్తు కొలవాలి. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, మేస్త్రీలు పునాది మట్టం చూసే లెవెల్ పైపు చాలు. సన్నటి పారదర్శకమైన పైపు పది మీటర్లు కొని, నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసుకో. పట్టికలో చెప్పిన ఆటు సమయానికి నీటి అంచు దగ్గర నిలబడి, అల వచ్చే చోటుకూ వెనక్కి పోయే చోటుకూ నడిమి మట్టాన్ని ఐదు నిమిషాలు చూసి సుద్దతో గుర్తు పెట్టు. అక్కడి నుంచి లెవెల్ పైపుతో ఒక్కో పట్టీ పై అంచు, కింది అంచు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవాలి. పట్టికలో ఆ ఆటు 0.3 మీటర్లు అని ఉండి, బార్నకిళ్ల పై అంచు నీ గుర్తుకు 1.1 మీటర్ల పైన ఉందనుకో, దాని ఎత్తు 1.4 మీటర్లు. ఇలా రాస్తేనే వేరే రోజు వేరే బండ మీద కొలిచినవాళ్లు నీ లెక్కతో పోల్చుకోగలరు. 'బండ కింద నుంచి మూడడుగులు' అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

తర్వాత చదరం. పీవీసీ పైపుతో లోపలి కొలత 50 సెంటీమీటర్లు ఉండేలా చట్రం చేయించు. 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అటు 9, ఇటు 9 దారాలు కట్టు. దారాలు కలిసే చోట్లు 81 వస్తాయి. పాచి, నాచు లాంటి వాటిని ఒకటి రెండు అని లెక్కపెట్టలేం కాబట్టి, ఎన్ని కలయికల కింద నాచు ఉందో చూసి శాతం తీయాలి. నత్తలు, లింపెట్లను చట్రం మొత్తంలో లెక్కపెట్టి 4తో గుణిస్తే చదరపు మీటరుకు లెక్క. బార్నకిళ్లు వందల్లో ఉంటే 10 సెంటీమీటర్ల చిన్న చట్రంతో లెక్కపెట్టి 100తో గుణించు.

చట్రం ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. కన్ను ఎప్పుడూ గుంపు ఉన్న చోటికే లాగుతుంది, చెయ్యి కూడా అక్కడికే పోతుంది. అలా పెడితే లెక్క రెండింతలు, మూడింతలు అవుతుంది. ఒక ఎత్తులో 30 మీటర్ల టేపు పరిచి, జేబులోని నోట్ల సీరియల్ నంబర్లలో చివరి రెండు అంకెలు చూడు. 30 లోపు వచ్చినవి తీసుకో, ఆ మీటరు దగ్గరే చట్రం పెట్టు. అక్కడ ఖాళీ బండ ఉన్నా జరపొద్దు, సున్నా అని రాయి. ప్రతి ఎత్తుకూ విడిగా పది చట్రాలు వెయ్యి, అన్నీ కలిపెయ్యకు.

ఒక ఉదాహరణ చూడు. ఒక ఎత్తులో పది చట్రాల్లో నత్తలు 0, 0, 2, 0, 38, 51, 0, 6, 0, 3 వచ్చాయనుకో. మొత్తం 100, సగటు 10. కానీ పది నత్తలున్న చట్రం ఒక్కటైనా ఉందా? వేరియన్స్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, తీస్తే దాదాపు 344 వస్తుంది. గింజలు చల్లినట్టు ఎటుపడితే అటు పడి ఉంటే వేరియన్స్ సగటుకు దగ్గరగా ఉండాలి. ఇక్కడ 34 రెట్లు ఉందంటే నత్తలు గుంపుగట్టాయని అర్థం. అప్పుడు 38, 51 వచ్చిన చోట్లకు మళ్లీ పోయి చూడు. అక్కడ పగులుందా, నీడ ఉందా, తడి నిలిచే గుంత ఉందా? బార్నకిళ్ల విషయమైతే ఇంకో కారణం ఉంది. చోటు వెతుక్కునే పిల్ల తన జాతి పెద్దవి ఉన్న చోటునే ఎంచుకుంటుంది. ముందే కాపురాలున్నాయంటే అక్కడ బతకొచ్చని గుర్తు. సగటు ఒక్కటే రాసి వదిలేస్తే ఈ కథంతా పోతుంది. సున్నాలు వదిలేస్తే మరీ అన్యాయం. సున్నా ఉన్న ఐదు చట్రాలు తీసేస్తే సగటు 20 అవుతుంది, అది ఆ బండ గురించి అబద్ధం చెప్పినట్టే.

జాగ్రత్తలు. ఒంటరిగా దిగొద్దు, ఒకరు ఎప్పుడూ అలల వైపే చూస్తూ నిలబడాలి. సముద్రానికి వీపు పెట్టి కూర్చుని లెక్కపెట్టొద్దు, యారాడ వైపు మరీ జాగ్రత్త. చెప్పులు కాదు, అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకో, బార్నకిల్ అంచు బ్లేడులా కోస్తుంది. ఆటు సమయానికి గంటన్నర ముందు దిగి పై పట్టీ నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ పో, నీళ్లు తిరిగి ఎక్కడం మొదలవగానే సామాను సర్దుకో. రాయి తిరగేస్తే మళ్లీ అలాగే బోర్లించాలి, అడుగున ఉన్నవి ఎండకు చచ్చిపోతాయి. లింపెట్‌ను పీకొద్దు. చాలా లింపెట్లు మేతకు పోయి మళ్లీ తమ సొంత గుర్తు దగ్గరికే వస్తాయి, గుల్ల అంచు ఆ రాతి గరుకుకు సరిగ్గా అమరేలా పెరిగి ఉంటుంది. పీకిన లింపెట్‌ను వేరేచోట పెడితే ఆ అమరిక ఉండదు. పెన్ను తడిస్తే చెరిగిపోతుంది కాబట్టి పెన్సిల్ వాడు. షీట్ మీద తేదీ, సమయం, బండ ఏ వైపు తిరిగి ఉంది, ఎత్తు, చట్రం నంబరు ముందే గడులు గీసుకుని పో.

మీ టూరు తేదీలు ఖరారు కాగానే ఇక్కడ రాయి. ఆ రోజుల్లో ఆటు ఎన్ని గంటలకు పడుతుందో పట్టికలో చూసి, ఏ బండ దగ్గర ఏ వేళకు దిగాలో కలిసి లెక్క వేద్దాం. వెళ్లేలోపు ఒక ఆదివారం ఊళ్లోనే చెరువు మత్తడి రాళ్ల మీద ఆ చట్రం పెట్టి పాచి శాతం తీసి చూడు. మొదటిసారి 81 కలయికలు చూడటానికి పావుగంట పడుతుంది, పదోసారికి మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆటు అడుగు మట్టంలో నిలిచేది కాసేపే, చెయ్యి ముందే అలవాటై ఉండాలి.